కార్వెడిలాల్ మాత్ర ఎలా వేసుకోవాలి: బీపీకీ, పంపింగ్ తగ్గిన గుండెకీ

డాక్టరు చీటీ మీద కార్వెడిలాల్ 3.125 అని రాశారు. రెండు పూటలా తిన్నాక వేసుకోమన్నారు. వారం తిరగకముందే ఒంట్లో నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ‘ఈ మందు నాకు పడలేదు’ అని చాలామంది మాత్ర పక్కన పడేసేది సరిగ్గా ఇప్పుడే. ఇంకొందరు రెండు మూడు నెలలు వాడి, బీపీ నార్మల్‌కి వచ్చేసిందని సంతోషించి మానేస్తారు. రెండూ ప్రమాదమే. ఈ మందు మెల్లగా మొదలవ్వాలి, మెల్లగా పెరగాలి, ఎప్పుడైనా ఆపాల్సి వస్తే మెల్లగానే ఆగాలి. కింద రాసినదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేదే. మీ డాక్టరు మీ ఒంటి తీరు చూసి ఇంకోలా చెబితే వారి మాటే వినండి.

ముందు, మీకు ఎందుకిచ్చారో కనుక్కోండి

ఒకే మాత్ర, రెండు పనులు. బీపీకి ఇస్తే సాధారణంగా 6.25 ఎంజీతో రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, అవసరమైతే 12.5కి, ఆపైన 25కి పెంచుతారు. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకి, అంటే హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకి, అందులో సగం దగ్గర, 3.125తో మొదలవుతుంది. కాబట్టి పక్కింటాయన 12.5 వేసుకుంటున్నాడు, మనకేంటి ఇంత చిన్నది అని అనుకోవద్దు. ‘ఇది నాకు బీపీకా, పంపింగ్‌కా? నా ఈఎఫ్ ఎంత?’ అని డాక్టరునే అడగండి. ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో ఈఎఫ్ అని ఒక శాతం ఉంటుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత భాగాన్ని బయటికి తోస్తుందో చెప్పే అంకె అది. ఆ రిపోర్టు జెరాక్సు ఒకటి మందుల డబ్బాలో పెట్టుకోండి. తర్వాత ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదట అడిగేది అదే.

ఉత్త బీపీ మాత్రమే ఉంటే మొదట రాసేవి ఎక్కువగా ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటివి. బీపీతో పాటు గుండెపోటు వచ్చి ఉన్నా, ఛాతీ నొప్పి ఉన్నా, పంపింగ్ తగ్గినా బీటా బ్లాకర్ ముందుకొస్తుంది. అడ్రినలిన్ పోటును అడ్డుకునే మందుల జాతి అది, కార్వెడిలాల్ అందులో ఒకటి.

ఈ మందు చరిత్ర కాస్త తెలిస్తే డాక్టర్లు ఎందుకంత నిదానంగా పెంచుతారో అర్థమవుతుంది. బీటా బ్లాకర్లను కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి కూడా బలహీనపడిన గుండెకు ఈ మందు ఇవ్వకూడదనే చాలామంది డాక్టర్ల నమ్మకం. గుండె వేగాన్నీ, బలాన్నీ తగ్గించే మందు, అసలే బలం లేని గుండెకు ఎందుకు అన్నది వాళ్ల అనుమానం. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టైన్ బృందం 1975లోనే కొద్దిమంది రోగులకు ఇచ్చి మేలు చూసింది గానీ, వైద్యలోకం ఒప్పుకోవడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఈఎఫ్ 25 శాతం కంటే తక్కువ ఉన్న 2,289 మంది మీద కార్వెడిలాల్‌తో జరిగిన కోపర్నికస్ అధ్యయనం 2001లో వెలువడింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే మరణాలు 35 శాతం తగ్గాయి.

కారణం ఇదీ. గుండె బలహీనపడగానే ఒళ్లు కంగారుపడి అడ్రినలిన్ లాంటి హార్మోన్లను పోస్తుంది. అలసిపోయిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచి పరిగెత్తించినట్టు అవి గుండెను తోలుతుంటాయి. ఆ పూటకి బండి కదులుతుంది, నెలలు గడిచేసరికి ఎద్దు కూలబడుతుంది. బీటా బ్లాకర్ ఆ పోటును తగ్గిస్తుంది. పోటు ఒక్కసారిగా ఆగితే గుండె తట్టుకోలేదు, అందుకే చిటికెడు డోసుతో మొదలు.

మొదటి మాత్రకి ముందు చెప్పాల్సినవి

ఉబ్బసం ఉందా? చిన్నప్పుడెప్పుడో ఉండేది, ఇప్పుడు లేదు అన్నా సరే, చెప్పండి. కార్వెడిలాల్ గుండె మీదే కాదు, ఊపిరి గొట్టాల మీదా పనిచేస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరి బిగుసుకుపోవచ్చు. ఆస్తమా ఉంటే ఈ మందు వద్దు. సిగరెట్ల వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ అయితే డాక్టరు చూసి బిసోప్రొలాల్ లాంటి వేరే బీటా బ్లాకర్ రాయొచ్చు. నాడి ముందునుంచీ బాగా నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు, ఈసీజీలో హార్ట్ బ్లాక్ (రక్తనాళాల పూడిక కాదు, గుండెలో కరెంటు సంకేతం అడ్డుపడటం) అని రాసినవాళ్లు, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లు కూడా ముందే చెప్పాలి. గర్భం ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా చెప్పాలి.

కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం ఉన్న రోజుల్లో ఈ మందు కొత్తగా మొదలుపెట్టరు. ముందు నీరు పోయే మాత్రతో ఒంట్లో నీరు తగ్గించి, ఊపిరి కుదుటపడ్డాక మొదలుపెడతారు. మీకు ఇంకా వాపు ఉండగానే చీటీలో ఇది కనిపిస్తే, ‘ఇప్పుడే మొదలెట్టమంటారా?’ అని ఒక్క మాట అడగడంలో తప్పు లేదు.

కంట్లో నీటికాసులకి, అంటే గ్లకోమాకి, టిమోలాల్ చుక్కలు వేసుకుంటున్నారా? అవి కూడా బీటా బ్లాకరే. చుక్కలే కదా అని ఎవరూ చెప్పరు. అవి కొంత రక్తంలోకి వెళ్తాయి, రెండూ కలిసి నాడి మరీ తగ్గొచ్చు.

వేసుకునే పద్ధతి

తిన్న వెంటనే వేసుకోండి, ఖాళీ కడుపున వద్దు. ఆహారంతో పాటు అయితే మందు రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, ఒక్కసారిగా బీపీ పడిపోదు. పొద్దున కాఫీతో వేసేసుకుని, పది గంటలకు టిఫిన్ చేసేవాళ్లకే కళ్లు తిరగడం ఎక్కువ. రెండు ఇడ్లీ తిని వేసుకుంటే సరిపోతుంది, కడుపు నిండా తినక్కర్లేదు. రెండో మాత్ర రాత్రి భోజనం చివర. రెంటికీ మధ్య పన్నెండు గంటల దూరం దాదాపుగా ఉంటే చాలు.

కార్వెడిలాల్ బదులు మెటోప్రొలాల్ సక్సినేట్ అనే ఇంకో బీటా బ్లాకర్ రాశారనుకోండి, దాని పద్ధతి వేరు. అది రోజుకు ఒక్కసారి, మెల్లగా కరిగేలా తయారుచేసిన మాత్ర. గీత ఉంటే గీత దగ్గర విరవొచ్చు గానీ నమలకూడదు, పొడి చేయకూడదు. షాపులో అది లేదని మెటోప్రొలాల్ టార్ట్రేట్ ఇస్తే తీసుకోవద్దు. పంపింగ్ తగ్గిన గుండెకు ఆయుష్షు పెంచుతాయని గట్టి రుజువున్న బీటా బ్లాకర్లు ముఖ్యంగా మూడు: కార్వెడిలాల్, బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్. అటెనోలాల్ ఆ జాబితాలో లేదు. ‘అన్నీ ఒకటేనండీ’ అని కౌంటర్లో ఎవరన్నా సరే, ఒకటి కాదు.

జనరిక్ తీసుకోవచ్చా అంటే, నిస్సందేహంగా తీసుకోవచ్చు. జన ఔషధి దుకాణాల్లో చాలా తక్కువకి వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఊళ్లో డాక్టరు ఒక బ్రాండు రాస్తారు, హైదరాబాదులోనో విజయవాడలోనో పెద్ద డాక్టరు ఇంకో బ్రాండు రాస్తారు. రెండు అట్టల రంగులూ వేరు, పేర్లూ వేరు. ఇంట్లో రెండూ వేసుకుంటుంటారు. రెండింటి వెనకా చిన్న అక్షరాల్లో ఉన్నది ఒకే మందు. అందుకే అట్ట తిప్పి, బ్రాండు పేరు కింద ఉండే అసలు మందు పేరూ, పక్కన ఎంజీ అంకె చదవండి. డోసు పెరిగినప్పుడు పాత అట్టలు డబ్బాలోంచి తీసేయండి. మాత్రలు కత్తిరించి ఇచ్చే షాపుల్లో పేరూ, గడువు తేదీ ఉన్న ముక్కే ఇమ్మని అడగండి.

మొదటి వారాలు

మొదటి మాత్ర వేసుకున్నప్పుడూ, డోసు పెంచిన ప్రతిసారీ, తర్వాతి గంట రెండు గంటలు జాగ్రత్త. ఆ రోజు బండి నడపొద్దు, నిచ్చెన ఎక్కొద్దు. కార్వెడిలాల్‌కి రక్తనాళాలను వదులు చేసే గుణం కూడా ఉంది కాబట్టి, లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి జారి తల తేలిపోతుంది. రాత్రి బాత్రూమ్‌కి లేచేవాళ్లు పడిపోయేది ఇలాగే. మంచం మీద కూర్చోండి, కాళ్లు కిందికి వేలాడేసి ఒక నిమిషం ఆగండి, పాదాలు నాలుగుసార్లు ఆడించండి, ఆ తర్వాత మంచం కోడు పట్టుకుని లేవండి. పెద్దవాళ్లకి రాత్రి చిన్న లైటు వెలిగించి ఉంచండి.

బీపీ మందు, నీటి మాత్ర, ఇదీ మూడూ ఒకే గంటలో వేసుకుని కళ్లు తిరుగుతుంటే, వాటి వేళలు విడదీయొచ్చా అని డాక్టరును అడగండి. చాలాసార్లు ఇంత చిన్న మార్పుతోనే సర్దుకుంటుంది.

నీరసం సంగతి. అడ్రినలిన్ పోటుకు అలవాటు పడిన ఒళ్లు అది తగ్గగానే చతికిలబడుతుంది. రెండు మూడు వారాలు ఇలా ఉండి తగ్గుతుంది. చేతులు చల్లబడటం, కొందరికి పిచ్చి కలలు కూడా ఉండొచ్చు. గుండె పంపింగ్‌లో తేడా కనిపించడానికి మాత్రం నెలలు పడుతుంది, వారాలు చాలవు. కాబట్టి పదిహేను రోజులకే ‘ఏం లాభం లేదు’ అని తీర్పు చెప్పేయకండి. ఈ మందు గురించి ఇంట్లో వాళ్లకి కూడా ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది, లేకపోతే మిమ్మల్ని చూసి టెన్షన్ పడి వాళ్లే మాన్పించేస్తారు.

మగవాళ్లు డాక్టరు దగ్గర నోరు విప్పని విషయం ఒకటుంది. పడకగదిలో ఇబ్బంది. బీటా బ్లాకర్లతో కొందరికి వస్తుంది, కొందరికి షుగర్ వల్లా, బీపీ వల్లా వస్తుంది. ఎవరికీ చెప్పకుండా షాపులో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కొనుక్కోవడం మాత్రం చేయకండి. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లకి అది ప్రాణాంతకం. డాక్టరుకు ఒక్క ముక్క చెబితే దారులు ఉన్నాయి.

రోజూ పొద్దున ఐదు నిమిషాలు

ఒక నోట్‌బుక్ కొనండి. తేదీ, బరువు, నాడి, బీపీ, నాలుగు గడులు.

బరువు: లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే తరహా బట్టలతో, అదే మెషీన్ మీద. మూడు రోజుల్లో 2 కేజీలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. డోసు పెంచిన తర్వాతి వారాల్లో ఇది జరిగే అవకాశం ఎక్కువ. డాక్టరుకు ఫోన్ చేస్తే మామూలుగా నీటి మాత్ర సర్దుతారు. బీటా బ్లాకర్‌ని మీరే ఆపేయొద్దు.

నాడి: ఐదు నిమిషాలు కూర్చున్నాక, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టండి. బొటనవేలితో పట్టుకోవద్దు, దాని సొంత నాడి తగులుతుంది. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం కూడా వద్దు, నాడి గతి తప్పి కొట్టుకునేవాళ్లకి లెక్క తప్పుతుంది. 55 కంటే తగ్గితే తర్వాతి మాత్ర వేసుకునే ముందు డాక్టరును అడగండి.

బీపీ: మణికట్టుకి కాకుండా మోచేతి పైన కట్టే మెషీన్ అయితే మంచిది. కూర్చుని ఒకసారి, నిలబడి నిమిషం ఆగాక ఇంకోసారి చూస్తే కళ్లు ఎందుకు తిరుగుతున్నాయో తెలిసిపోతుంది. పంపింగ్ తగ్గినవాళ్లలో పైఅంకె 100 దగ్గరుండి, ఏ ఇబ్బందీ లేకపోతే కంగారు అక్కర్లేదు, చాలామందికి అలాగే ఉంటుంది. 90 లోపుకి వచ్చినా, కళ్లు చీకట్లు కమ్మినా ఫోన్ చేయండి.

డోసు పెంచడం

పంపింగ్ కోసం వాడేవాళ్లకి రెండు వారాలకోసారి డోసు రెట్టింపు చేస్తూ పోతారు: 3.125, 6.25, 12.5, 25, అన్నీ రోజుకు రెండుసార్లు. 85 కేజీల లోపు బరువున్నవాళ్లకి 25 దగ్గర ఆగుతారు, అంతకు మించితే 50 దాకా వెళ్లొచ్చు. అందరూ పై మెట్టుకి చేరాలని లేదు. 6.25 దగ్గర ఆగిపోయినవాళ్లకీ మేలే. తట్టుకోగలిగినంత ఎక్కించడమే పద్ధతి. ప్రతి మెట్టుకీ మీ నోట్‌బుక్ తీసుకెళ్లండి. ‘బాగానే ఉన్నానండీ’ అనే మాట కంటే ఆ అంకెలే డాక్టరుకు ఎక్కువ పనికొస్తాయి.

ఇక్కడ మన దగ్గర ఎక్కువగా కనిపించే లోపం వేరే ఉంది. 3.125 రాసిన చీటీనే రెండేళ్లు తిప్పి తిప్పి మందులు కొనుక్కుంటూ ఉండిపోవడం. పెంచాల్సిన డాక్టరు దగ్గరికి వెళ్లరు, మొదలుపెట్టిన డోసే శాశ్వతం అయిపోతుంది. మీరు అలాంటివారైతే ఈ నెలలోనే ఒకసారి చూపించుకోండి.

మర్చిపోతే, అయిపోతే

ఒక పూట మర్చిపోతే, గుర్తొచ్చినప్పుడు ఏదైనా తిని వేసుకోండి. తర్వాతి పూట దగ్గరపడితే వదిలేయండి. రెండు కలిపి ఎప్పుడూ వద్దు. రెండు వారాలకు మించి మానేసి ఉంటే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకండి. పంపింగ్ కోసం వాడేవాళ్లు మళ్లీ 3.125 నుంచే, డాక్టరు చెప్పాక.

ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుంది? ఇన్నాళ్లూ అడ్డుకున్న అడ్రినలిన్ అంతా ఒక్కసారి గుండె మీద పడుతుంది. నాడి పరిగెడుతుంది, బీపీ ఎగురుతుంది, గుండె రక్తనాళాల్లో పూడికలున్నవాళ్లకి ఛాతీ నొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. ఆపాల్సి వస్తే వారం రెండు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తారు. అందుకే పది రోజుల మాత్రలు ఎప్పుడూ ఇంట్లో అదనంగా ఉండాలి. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు, కాశీ ప్రయాణం పెట్టుకున్నప్పుడు సగం సూట్‌కేసులో, సగం చేతి సంచిలో.

ఆపరేషన్ ఉందంటే మీ అంతట మీరు ఆపేయకండి, మత్తు డాక్టరుకు చెప్పండి. కంటిపొర ఆపరేషన్ అయినా సరే, కార్వెడిలాల్ వాడుతున్నట్టు కంటి డాక్టరుకు తెలియాలి. ఆపరేషన్ మధ్యలో కంటిపాప వదులై ఇబ్బంది పెట్టే అవకాశం ఉంది, ముందే తెలిస్తే వాళ్లు సిద్ధంగా ఉంటారు.

కలవకూడనివి

మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. ఇవి ఒంట్లో నీరు నిలబెడతాయి, బీపీ పెంచుతాయి. పంపింగ్ తగ్గినవాళ్లు ఆసుపత్రి పాలయ్యే కారణాల్లో ఇవొకటి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకునేటప్పుడు ‘గుండె మందులు వాడుతున్నా’ అని చెప్పండి. పారాసెటమాల్ నయం. జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ ఉంటుంది, బీపీ పెంచుతుంది, అట్ట వెనక చదవండి. బీపీకీ గుండె దడకీ ఇచ్చే వెరపమిల్, డిల్టియాజెమ్‌లతో కలిస్తే నాడి మరీ పడిపోతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ కార్వెడిలాల్ బలాన్ని తగ్గిస్తుంది, డిప్రెషన్‌కి వాడే ఫ్లువాక్సెటిన్, పారాక్సెటిన్ పెంచుతాయి. మద్యం తాగితే ఆ రాత్రి కళ్లు తిరగడం రెట్టింపు.

షుగర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. షుగర్ పడిపోయినప్పుడు గుండె దడ, చేతి వణుకు మనల్ని హెచ్చరిస్తాయి. ఈ మందు ఆ రెంటినీ దాచేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి కారణం లేకుండా చల్లటి చెమట పట్టిందంటే వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి, మెషీన్ దగ్గర లేకపోతే ముందు పంచదార నోట్లో వేసుకోవాలి.

ఉపవాసాలు, ఎండలు, కొండలు

కార్తీక సోమవారాలు, ఏకాదశి అని రోజంతా ఏమీ తినకుండా ఉండి ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే బీపీ పడిపోతుంది. అలాగని మాత్ర మానడమూ కుదరదు. పాలూ పళ్లూ తీసుకుని వేసుకోండి, దేవుడు కోప్పడడు. రంజాన్ ఉపవాసాల్లో సహరీ, ఇఫ్తార్ రెండు వేళలూ ఈ మాత్రకి సరిపోతాయి గానీ, నీటి మాత్ర వేళ మార్చాల్సి ఉంటుంది. నెల మొదలయ్యే ముందే డాక్టరును కలవండి.

మే నెల ఎండల్లో, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఒంట్లో నీరు పోయి బీపీ బాగా తగ్గుతుంది. మందులన్నీ మామూలుగా వేసుకుంటూ పోకుండా అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు తగ్గించాలని మీకు తెలుసు. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో మాత్రం పొటాషియం ఉంటుంది. పంపింగ్‌కి ఇచ్చే మిగతా మందుల్లో కొన్ని ఇప్పటికే పొటాషియం పెంచుతాయి కాబట్టి, అడగకుండా అది వాడొద్దు.

అలిపిరి మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నవాళ్లు డాక్టరు సరే అన్నాకే బయల్దేరండి. ఈ మందు మీద ఉన్నప్పుడు ఎంత శ్రమపడ్డా నాడి పెద్దగా పెరగదు, వాచీ చూపించే అంకెను నమ్ముకోవద్దు. మెట్టెక్కుతూ పక్కవాళ్లతో మాట మధ్యలో ఆగకుండా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మాట తెగుతుంటే కూర్చోండి.

ఎప్పుడు పరిగెత్తాలి

స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి పట్టి ఉన్నా, ఊపిరి పిల్లికూతలతో బిగుసుకున్నా, పడుకుంటే ఊపిరాడక కూర్చోవాల్సి వస్తున్నా, నాడి 40ల్లోకి దిగి తల తేలిపోతున్నా 108కి ఫోన్ చేయండి. మందుల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.

ఈఎఫ్ మామూలుకి వస్తే మానేయొచ్చా?

అందరూ అడిగేదే. ఏడాది తిరిగాక ఎకోలో ఈఎఫ్ 30 నుంచి 55కి వచ్చిందనుకోండి, గుండె బాగైపోయింది కదా అనిపిస్తుంది. లండన్‌లో సరిగ్గా ఇదే పరీక్షించారు, 2018 చివర్లో ఫలితాలు వచ్చాయి. గుండె కండరం సాగిపోయి, మందులతో పూర్తిగా కోలుకున్న 51 మందిని తీసుకుని, 25 మందికి మందులు దశలవారీగా ఆపారు. ఆరు నెలల్లో అందులో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించిన 26 మందిలో ఆ ఆరు నెలల్లో ఒక్కరికీ తిరగబెట్టలేదు. కాబట్టి పంపింగ్ కోసం మొదలుపెట్టినవాళ్లు ఎకో బాగుందని ఆపకండి, ఆ ఎకో బాగుండటానికి కారణం ఈ మాత్రలే. ఉత్త బీపీకి వాడేవాళ్ల లెక్క వేరు. బరువు తగ్గి, ఉప్పు తగ్గి, బీపీ నెలల తరబడి కిందే ఉంటే డోసు తగ్గించే మాట డాక్టరు దగ్గర ఎత్తొచ్చు. వెళ్లేటప్పుడు నోట్‌బుక్‌లో గత రెండు నెలల అంకెలు ఉండేలా చూసుకోండి.